చేతిలో లేని తలుపులు

గుబులు గున్నేశ్వర్రావంటే ఆ డివిజన్లో తెలియని మనిషి లేడు. అసలు ఇంటిపేరు వాసంశెట్టి. ఆ ఇంటిపేరు రేషన్ కార్డు దాటి బయట తిరగడం మానేసి చాలా ఏళ్ళయింది. మురుగు కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. సర్వీసు ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండు వానాకాలాల్లోనూ ఆయన కంటినిండా నిద్రపోయింది లేదు. పోనీ ఎండాకాలంలో పడుకున్నాడా అంటే, ఎండాకాలం తరవాత వచ్చేది వానాకాలమే కదా అని అప్పుడూ పడుకోలేదు.

ఆయన్ని అనడానికి లేదు, ఉద్యోగం అలాంటిది. గోగులమొగ అనే చోట మురుగు కాలువ సముద్రంలో కలుస్తుంది. కలిసేచోట శాఖవారు కట్టిన స్లూయిజుకి ఆరు ఇనుప తలుపులు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తలుపులు దించాలి. లేకపోతే ఉప్పునీళ్ళు ఎగదన్ని చేలల్లోకి వస్తాయి. పాటు మీద ఉన్నప్పుడు ఎత్తాలి. లేకపోతే ఊళ్ళో వాననీళ్ళు ఊళ్ళోనే కాపురం పెట్టి ఓటుహక్కు అడుగుతాయి. పోటుకీ పాటుకీ మధ్య జరిగేదాన్నే పొరపాటు అంటారు. ఆ పొరపాటు జరక్కుండా చూడడమే గున్నేశ్వర్రావు పని.

అందుకని ఏటా మే నెలలో సుత్తి పుచ్చుకుని ఆరు తలుపుల్నీ ఒక్కొక్కటే కొట్టి, చెవిపెట్టి వింటాడు, డాక్టరు గుండె విన్నట్టు. ఖంగుమంటే ఆరోగ్యం. బొద్దుమంటే గుబులు. ఏ తలుపు ఎలా పలికిందో రాసుకుని, ఇది ఊడితే ఏమవుతుంది, అది ఊడితే ఏమవుతుంది అని పదిహేను రోజులు ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తోడి, చివరికి పైవాళ్ళకి అర్జీ పెడతాడు. పైవాళ్ళు సంతకం పెడతారు. తలుపులు బాగవుతాయి. వానొస్తుంది. ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి, "చూశావా, ఊరికే కంగారుపడ్డావు" అని అందరూ ఆయన్నే వెక్కిరిస్తారు. మరుసటేడు మళ్ళీ మే.

ఈ ఏడాది మూడో తలుపు ఖంగుమనలేదు, బొద్దుమననూ లేదు. సుత్తి అవతలికి వెళ్ళిపోయింది. ఐదో తలుపుని సుత్తితో కొట్టే ధైర్యం చాలక వేలితో నొక్కి చూశాడు. వేలు వెళ్ళిపోయింది.

గున్నేశ్వర్రావు ఆ వేలు బయటికి తీసుకోవడం మరిచిపోయి అక్కడే లెక్క వేశాడు. ఆషాఢ పున్నమికి పెద్ద పోటు. అప్పటికి ఈ రెండు తలుపులూ మారకపోతే మూడువందల నలభై ఎకరాల్లో ఉప్పునీరు. ఒక్కసారి ఉప్పెక్కిందంటే మూడేళ్ళు గడ్డి కూడా మొలవదు. మొట్టమొదట మునిగేది పితాని వెంకాయమ్మగారి మూడెకరాలు. ఆ గట్టు మీదే ఆవిడ ఇల్లు. వెంకాయమ్మగారికి ఆ మూడెకరాలు తప్ప ఇంకేదీ లేదు, నోరు తప్ప.

ఆ రోజే అర్జీ రాసి డివిజన్ ఆఫీసుకి బయల్దేరాడు. కావలసింది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి సంతకం ఒక్కటి. జూన్ పదిహేనులోగా. అది దాటితే పని పున్నమికి అందదు.

ఆఫీసులో అడుగు పెట్టేసరికి హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. మీటింగు. ఈ.ఈ. పసుమర్తి నిగమేశ్వరరావు గారు అంతకు ముందురోజే కొండమీద హోటల్లో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. వెళ్ళేటప్పుడు బి.పి. మాత్రలతో వెళ్ళారు, వచ్చేటప్పుడు తత్వంతో వచ్చారు.

"భవిష్యత్తును గూర్చిన చింతయే సకల రోగములకు మూలమని శిక్షణలో రుజువైనది," అన్నారు ఈ.ఈ. గారు, కుర్చీలో కూర్చున్నా నిలబడి మాట్లాడినట్టు. "దీనికి విరుగుడు రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే గ్రీసు దేశమున కనిపెట్టబడెను. స్టోయిక్ తత్వము. స్టోవా అనగా అరుగు. ఆ మహానుభావులు అరుగు మీద కూర్చుని బోధించెడివారు. వారిలో ఒకరు బానిస, ఒకరు చక్రవర్తి. ఉభయులకూ నిద్ర బాగుగా పట్టెడిది."

పక్కనున్న టైపిస్టు చింతా వరహాలమ్మ గున్నేశ్వర్రావు చెవిలో గొణిగింది: "అరుగుమీద కూచోడానికి గ్రీసు దాకా ఎందుకండీ అన్నయ్యగారూ? మా మావగారు అరవై ఏళ్ళు అదే పన్జేశారు. నిద్దర కూడా అక్కడే."

అరుగుమీద కూర్చుంటే తిన్నది అరుగుతుందని మనవాళ్ళు కనిపెట్టారు. ఆందోళన కూడా అరుగుతుందని వాళ్ళు కనిపెట్టారు. తేడా అంతే.

"ఆ తత్వ సారాంశము ఒక్కటే," అని ఈ.ఈ. గారు రెండు అరచేతులూ చూపించారు. "లోకములోని సమస్త వస్తువులూ రెండు రకములు. మన చేతిలో ఉన్నవి. మన చేతిలో లేనివి. చేతిలో లేనివాటిని గూర్చి చింతింపరాదు."

గున్నేశ్వర్రావు ముఖం విప్పారింది. ఎంత చక్కటి మాట! వాన మన చేతిలో లేదు, తలుపు ఉంది. లేచి నిలబడి అర్జీ చాపాడు. "అదేనండి, నేనూ చెప్పేది. మూడోదీ, ఐదోదీ తుప్పట్టిపోయాయండి. వచ్చే ఆషాఢం పోటుకి..."

ఈ.ఈ. గారు కళ్ళు మూసుకున్నారు.

"వచ్చే ఆషాఢం," అన్నారు, బూతుమాట విన్నట్టు. "ఈ క్షణమున మునిగినదా?"

"లేదండి."

"మరి ఈ క్షణమునకు వచ్చిన బాధ ఏమి?"

"ఈ క్షణానికేం లేదండి. కానీ..."

"కానీ అను పదములోనే చింత కాపురముండును. కూర్చోండి."

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. టైపు చేసింది వరహాలమ్మే.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఈ డివిజన్ నందు 'నిశ్చింత' పథకము తక్షణమే అమలులోనికి వచ్చును. ఇకపై ఏ ఉద్యోగియూ భవిష్యత్తును గూర్చి ఆందోళన చెందరాదు. ఆందోళన చెందదలచినవారు మూడు రోజుల ముందుగా రాతపూర్వక అనుమతి పొందవలెను. ప్రతి సెక్షన్ నందు రెండు నిలువు గడుల రిజిస్టరు తెరవబడి, శాఖకు సంబంధించిన సమస్త అంశములు 'చేతిలో ఉన్నవి', 'చేతిలో లేనివి'గా నమోదు చేయబడవలెను. ప్రతి దినము ఉదయము పదిన్నర నుండి పదకొండున్నర వరకు 'కీడెంచు గంట' పాటింపబడును. ఆ గంటయందు సిబ్బంది రాదగిన కష్టములను కన్నులు మూసుకొని ఊహించుకొని, వాటికి ముందే అలవాటు పడవలెను."

మొదటి దెబ్బ టైపు చేసిన మనిషికే తగిలింది. 'చింతా' అనే ఇంటిపేరు పథకం స్ఫూర్తికి విరుద్ధమని హాజరుపట్టీలో కొట్టేసి, 'నిశ్చింతా వరహాలమ్మ' అని రాశారు.

"ఆయ్, మా ఆయనకి ఫోన్ చేసి చెప్పానండి," అందావిడ. "నీకెప్పుడో ఆ పేరు పెట్టాల్సింది, వంటింట్లో పాలు పొంగిపోతున్నా కదలవు అన్నారు."

పథకం అన్నాక పై అధికారి ఒక మెట్టు ఎక్కితే కింది సిబ్బంది మూడు మెట్లు ఎక్కుతారు. గొడుగు తెచ్చుకోవడం వానను గూర్చిన ముందస్తు ఆందోళన కింద లెక్కవేశారు. క్యారేజీ తెచ్చుకోవడం ఆకలిని గూర్చిన ఆందోళన. సూపరింటెండెంటు గారు గోడమీది క్యాలెండర్లో ఆ రోజు తరవాతి తేదీలన్నీ కాగితం అంటించి కప్పేశారు. దాంతో ఆదివారం ఎప్పుడో ఎవరికీ తెలియక, డివిజన్ సిబ్బంది యావత్తూ ఒక ఆదివారం నాడు నిండు హాజరుతో ఆఫీసు గేటు ముందు నిలబడ్డారు. తాళం తీసే మనిషి మాత్రం తేదీలు తెలిసిన ఇంట్లో ఉంటాడు కాబట్టి రాలేదు.

గోగులమొగలో స్లూయిజు పక్కన గున్నేశ్వర్రావు డ్యూటీ గుడిసె గోడకి పోటు పట్టిక ఒకటి వేలాడుతుంటుంది. ఏ రోజు సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో అందులో ఉంటుంది. తనిఖీకొచ్చిన గుమాస్తా దాన్ని ఊడదీసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఒరే బాబూ, అది లేకపోతే తలుపు ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు గున్నేశ్వర్రావు.

"నీళ్ళొచ్చాక తెలుస్తుందండి," అన్నాడు గుమాస్తా, చాలా ప్రశాంతంగా.

అయినా గున్నేశ్వర్రావు ఆశ వదల్లేదు. కీడెంచు గంట ఉంది కదా! కీడెంచి మేలెంచమని మన పెద్దలూ అన్నారు. కీడు ఎంచడంలో ఆయన ముందు నిలిచేవాడు జిల్లాలో లేడు. మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకుని గురకపెడుతుంటే, ఊహ పైకి చెప్పే తన వంతు వచ్చిన రోజున ఆయన లేచి మొదలుపెట్టాడు.

"ఆషాఢ పున్నమండి. తెల్లారుజామండి. ముందు మూడో తలుపు దగ్గర చిన్న చప్పుడండి, కుండ పగిలినట్టు. తరవాత ఐదోది. ఉప్పునీళ్ళు నాలిక చాచినట్టు కాలవలోకి వస్తాయండి. పీతలు గట్టెక్కుతాయండి. వెంకాయమ్మగారి నారుమడి ముందు పచ్చగా ఉంటుందండి, తరవాత పసుపండి, తరవాత ఎరుపండి, తరవాత ఏ రంగూ ఉండదండి. అక్కణ్ణుంచి చేలకి నీళ్ళు పారే బోదెల వెంట ఊళ్ళోకండి. ఊళ్ళోంచి రోడ్డు మీదకండి. రోడ్డు మీంచి ఎత్తు తక్కువ కాబట్టి సరాసరి ఇక్కడికండి. అదుగో, ఆ బీరువా కింద అరదాకా. ఆ అరలో మీ అందరి సర్వీసు పుస్తకాలండి."

అటెండరు ఏడ్చేశాడు. ఒక డ్రాఫ్ట్స్‌మన్ కాళ్ళు పైకెత్తి కుర్చీలో ముడుచుకున్నాడు. సూపరింటెండెంటు గారు బీరువా వైపు చూస్తూ చేత్తో గుండె పట్టుకున్నారు. ఈ.ఈ. గారు మాత్రం ఆనందబాష్పాలతో లేచి చప్పట్లు కొట్టారు.

"అద్భుతము! కీడెంచుటలో డివిజన్‌కే ప్రథమ స్థానము! ఈయనకు ప్రశంసాపత్రము టైపు చేయుడు!"

"అయితే తలుపులు మార్పిద్దామాండి?" అన్నాడు గున్నేశ్వర్రావు ఆశగా.

ఈ.ఈ. గారి చప్పట్లు గాలిలోనే ఆగిపోయాయి. "ఇంత ఉన్నతముగా ఊహించి, ఇంతలోనే పడిపోతిరేమయ్యా? ఊహించుట తత్వము. ఆపబూనుట ఆత్రము."

"మరి ఆపకపోతే ఊహించి ఏం లాభమండి?"

"వచ్చినప్పుడు ఆశ్చర్యపోకుండుట."

ప్రశంసాపత్రం ఇంటికి తీసుకెళితే భార్య సుభద్ర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇరవై రెండేళ్ళు నేను వద్దు వద్దన్నదానికి మీ ఆఫీసువాళ్ళు పత్రం ఇచ్చారా? ఇంకేం, ఇక పట్టలేం మిమ్మల్ని!" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. "సంతకానికి పదహారు రోజులే ఉంది సుభద్రా," అన్నాడు. ఆవిడ నవ్వాపి, పత్రం పక్కన పెట్టి, ఆయన కంచంలో ఇంకో ముద్దకి సరిపడా అన్నం పెట్టింది. తినలేదు.

మిగిలింది రిజిస్టరు. గున్నేశ్వర్రావు తన సెక్షన్ రిజిస్టర్లో 'చేతిలో ఉన్నవి' గడిలో మొదటి పేరే పెట్టాడు: గోగులమొగ స్లూయిజు తలుపులు, ఆరు. పైకి పంపాడు. ఇక తప్పించుకోడానికి లేదు, తత్వం ప్రకారమే కొట్టాను అనుకున్నాడు.

రిజిస్టరు సబ్‌డివిజన్‌కి వెళ్ళింది. అక్కడి డి.ఇ. గారు ఆలోచించారు. తలుపులు మార్చాలంటే పై సంతకం కావాలి. కాబట్టి నా చేతిలో లేవు. ఎర్ర సిరాతో కొట్టేసి రెండో గడిలోకి మార్చారు. అలా వచ్చిన రిజిస్టర్లన్నీ ఈ.ఈ. గారి బల్లమీదికి చేరాయి. ఈ.ఈ. గారు తన పైనున్న ఎస్.ఇ. గారిని అడిగారు, అది మీ చేతిలోదేనన్నారు ఎస్.ఇ. గారు. 'నా చేతిలోదని మీరంటే, అనుట మీ చేతిలో ఉన్నది కనుక, అది నా చేతిలో లేనట్టే' అని ఈ.ఈ. గారు తిరిగి రాశారు. ఎస్.ఇ. గారు రాజధానికి రాశారు. రాజధాని నుంచి, అంతా ప్రజల చేతిలో ఉంది అని జవాబొచ్చింది. అది ఎన్నికల ముందు అచ్చు వేయించిన జవాబు, ఏ ప్రశ్నకైనా అదే పంపుతారు.

జూన్ పన్నెండున రిజిస్టరు తిరిగొచ్చింది. డివిజన్ మొత్తానికి నాలుగువందల పన్నెండు అంశాలు 'చేతిలో లేనివి' గడిలో చేరాయి. కాలువలు, గట్లు, వంతెనలు, తూములు, కాలువల్లో మొలిచే తూటికాడ, గుర్రపుడెక్క అన్నీ. 'చేతిలో ఉన్నవి' గడి వరహాలమ్మ గట్టిగా చదివింది.

"ఒకటి, హాజరు సంతకం. రెండు, టీ గ్లాసు. బ్రాకెట్లో, టీ వచ్చినప్పుడు మాత్రమే. మూడు... మూడు లేదండి."

"మరి నా తలుపులు?" అన్నాడు అది చూద్దామని వచ్చిన గున్నేశ్వర్రావు.

వరహాలమ్మ పేజీ తిప్పింది. "ఇదుగోనండి, రెండొందల ఆరో నంబరు. 'సదరు తలుపులు ఈ శాఖ చేతిలో లేవు. వాటితో శాఖకు ఎట్టి మనస్సంబంధమూ లేదు. వాటికేమి జరిగిననూ శాఖ హర్షింపదు, దుఃఖింపదు.' కింద ఈ.ఈ. గారి సంతకమండి. పచ్చసిరా, ముద్రతో సహా." ఆవిడ గొంతు తగ్గించింది. "అన్నయ్యగారూ, ఆ పేజీకి జిరాక్సు తీసిమ్మంటారా? దాచుకుందురు. ఉత్తినే."

దాచుకోడానికే తీసుకున్నాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గోగులమొగ చేరేసరికి స్లూయిజు మీద వెంకాయమ్మగారు నిలబడి ఉంది. ఆవిడ వెనక పాతిక మంది రైతులు. వాళ్ళ వెనక రేవులో పడవలకి అతుకులు వేసే మల్లాడి కామరాజు, గ్యాసు సిలిండరు బండితో సహా.

"ఏరా అబ్బాయ్, సంతకం అయ్యిందా?" అంది వెంకాయమ్మగారు.

"లేదు పెద్దమ్మా."

"ఎవడి చేతిలో ఉందంట?"

"ఎవరి చేతిలోనూ లేదంట."

"అదేం చోద్యంరా! పదవులన్నీ మీ చేతిలో, పాపం మాత్రం ఎవడి చేతిలోనూ లేదా? ఒరే, నారు పోసి తొమ్మిదోరోజు. నిన్న రాత్రి కల్లో కూడా ఉప్పునీళ్ళే. నాకు డెబ్బయ్యేళ్ళురా, మూడేళ్ళు నేల ఊరుకుంటే నేనూరుకోగల్ను గానీ నా పొట్ట ఊరుకోదు. ఆ కామరాజు దగ్గర పాత పడవ రేకులున్నాయంట. విప్పేసి అతికించేస్తాం. నువ్వడ్డు లే."

గున్నేశ్వర్రావు అడ్డు లేవలేదు. "పెద్దమ్మా, అది శాఖ ఆస్తి. ముట్టుకుంటే కేసు. మీ మీద కేసు, నా మీద వేటు. ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు."

"అయితే ఉప్పునీళ్ళని ముట్టుకోవద్దని చెప్పు, వాటి మీద పెట్టు కేసు!"

కామరాజు నవ్వాడు. రైతులు ఎవరూ నవ్వలేదు. గున్నేశ్వర్రావు చెమట తుడుచుకోబోయి జేబులో చెయ్యి పెడితే జిరాక్సు కాగితం తగిలింది. విప్పి చూశాడు. ఒకసారి చదివాడు. రెండోసారి పెదాలు కదుపుతూ చదివాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన ముఖంలో గుబులు కాకుండా ఇంకేదో పొడసూపింది.

"పెద్దమ్మా, ఈ తలుపులు శాఖవి కావు."

"ఆఁ?"

"మనస్సంబంధం కూడా లేదంట. వాటికి ఏం జరిగినా హర్షింపరు, దుఃఖింపరు. సంతకం ఉంది. ముద్ర ఉంది. ఎవరిదీ కాని వస్తువుని బాగుచేస్తే ఏ కేసూ ఉండదు."

"మరి తాళం?" అన్నాడు కామరాజు. తలుపులు ఎత్తి దించే గేర్ల పెట్టెకి గుప్పెడంత తాళం వేలాడుతోంది. "అది తియ్యకపోతే తలుపు గొలుసు వదలదండి."

గున్నేశ్వర్రావు జిరాక్సు మళ్ళీ వెతికాడు. అందులోనే కాదు, నాలుగువందల పన్నెండు అంశాల్లో ఎక్కడా తాళంచెవి లేదు. పైవాళ్ళు ఎవరూ దాన్ని ఎప్పుడూ చూడలేదు, అది ఒకటుందనే తెలియదు. అది ఆయన మొలతాడుకి వేలాడుతోంది. తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. లోకంలోని సమస్త వస్తువులూ రెండు రకాలు. ఇది ఏ రకమో చెప్పడానికి గ్రీసు వెళ్ళక్కర్లేదు.

సస్పెన్షన్ ఆర్డరు ఎలా ఉంటుందో ఆయన కళ్ళకి కట్టింది. పేరా పేరాగా, కామాలతో సహా కట్టింది. కీడెంచడంలో ప్రథమ బహుమతి మరి. అంతా ఎంచాక, తాళం తీశాడు.

రెండు రోజులు పని. రైతులు గొలుసులు లాగారు, కామరాజు అతికించాడు, వెంకాయమ్మగారు తిట్టింది. ఆ మూడింటిలో ఏది లేకపోయినా ఆ పని అయ్యేది కాదు. మూడో తలుపుకి వేసిన రేకు మీద ఏదో పాత పడవ పేరులో సగం మిగిలింది: 'శ్రీ గంగ'. మిగతా సగం కోసి ఐదో తలుపుకి వేశారు: 'మ్మతల్లి'.

ఆషాఢ పున్నమి వచ్చింది. వస్తూ వస్తూ అల్పపీడనాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. మూడు రోజులు వాన, పైగా పోటు. డివిజన్లో ఇలా కాలువలు సముద్రంలో కలిసే మొగలు ఆరు. ఐదు మొగల దగ్గర తలుపులు చేతిలో లేవు కాబట్టి, చేతిలో లేనట్టే పోయాయి. ప్రాణనష్టం లేదు గానీ పొలాలూ రోడ్లూ ఒకటయ్యాయి. నీళ్ళు రోడ్డు మీంచి, ఎత్తు తక్కువ కాబట్టి, సరాసరి డివిజన్ ఆఫీసులోకి వచ్చి బీరువా కింద అరదాకా నిలబడ్డాయి. సర్వీసు పుస్తకాలు బయటికొచ్చి, ఎవరి బదిలీ ఉత్తర్వూ లేకుండానే తలో సెక్షన్‌కీ వెళ్ళిపోయాయి.

ఈ.ఈ. గారు బల్లెక్కి కూర్చున్నారు. అరుగు లేకపోయినా బల్ల ఉందని సంతోషించారు. అక్కడి నుంచే మునిగిన అయిదు సెక్షన్లకీ 'స్థైర్య పత్రాలు' మంజూరు చేశారు, ఆపదను చెక్కుచెదరని మనస్సుతో స్వీకరించినందుకు. ఆరో సెక్షన్ దగ్గరకొచ్చేసరికి ఆగారు. గోగులమొగ నివేదికలో ఒక్కటే ముక్క ఉంది: 'మునగలేదు.'

మర్నాడు పదకొండింటికి ట్రాక్టరు మీద ఈ.ఈ. గారు గోగులమొగ చేరారు. పంట్లాం మోకాళ్ళ దాకా మడత. పక్కన వరహాలమ్మ, నెత్తిమీద టైపు మిషను. వెనక ట్రక్కులో డివిజన్లో తడవకుండా మిగిలిన ఫైళ్ళు.

"విచారణ," అన్నారు ఈ.ఈ. గారు ట్రాక్టరు దిగుతూ. "సదరు సెక్షన్ ఏ కారణము చేత మునగలేదు? ఐదు సెక్షన్ల ప్రజలకు స్థైర్యము ప్రదర్శించు అవకాశము లభింపగా, ఈ సెక్షన్ ప్రజలకు ఆ అవకాశము లేకుండ చేసిన బాధ్యులెవరు?"

"నేనే బాబూ," అంది గట్టుమీంచి వెంకాయమ్మగారు, నారుమడిలో కలుపు తీస్తూనే. "కావాలంటే ఇటు రండి, మిమ్మల్ని ఈ బురదలోకి తోస్తాను, స్థైర్యం చూపించుకుందురు గాని!"

"ఆ తలుపులు ఎవరి అనుమతితో బాగుచేయబడినవి?"

గున్నేశ్వర్రావు జిరాక్సు చాపాడు. ఈ.ఈ. గారు చదివారు. జిరాక్సులో నల్లగా మారిన తన పచ్చసిరా సంతకాన్ని గోటితో గీకి చూశారు. అది పోలేదు.

"అయ్యగారండీ," అంది వరహాలమ్మ మిషను దించుతూ, "విచారణ తరవాత. ముందు ఫైళ్ళు ఎక్కడ పెట్టాలండి? డివిజన్లో పొడినేల ఇదొక్కటే."

అలా డివిజన్ ఆఫీసు గోగులమొగ గుడిసెలోకి వచ్చింది. ఫైళ్ళు మంచం మీద, బీరువా వంటగదిలో, ఈ.ఈ. గారు వసారాలో. సుభద్ర ఇంటి దగ్గర అందరికీ వండి పంపింది. క్యారేజీ తేవడం ఆందోళన కిందకొస్తుందని ఎవరూ అనలేదు, రెండోసారి వడ్డించమన్నారు.

భోజనాలయ్యేసరికి కామరాజు రేవు నుంచి కబురు తెచ్చాడు. రేపటి పోటు ఇవాళ్టి కంటే జానెడు ఎక్కువట.

ఈ.ఈ. గారు లేచారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. తన డివిజన్ మొత్తం, తన ఫైళ్ళు, తన కుర్చీ, తన పెన్నుతో సహా, ఇప్పుడు ఈ ఆరు తలుపుల వెనకే ఉంది. స్లూయిజు మీదికి వెళ్ళారు. వచ్చారు. గోడ వైపు చూశారు, పోటు పట్టిక ఉండాల్సిన చోట మేకు మాత్రమే ఉంది. సుత్తి తీసుకుని వెళ్ళి మూడో తలుపుని కొట్టి, చెవిపెట్టి విన్నారు. ఖంగుమన్నా నమ్మకం కుదరక ఐదోదాన్నీ కొట్టారు. చినుకులు మొదలైనా రాలేదు. వరహాలమ్మ జాలిపడి, ఎప్పటినుంచో టైపు మిషను పెట్టెలో దాచుకున్న గొడుగు తీసి పంపింది.

పట్టపగలు రెండింటికి ఆయన పరిగెత్తుకొచ్చేసరికి గున్నేశ్వర్రావు వసారాలో చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. సన్నగా గురక. ఇరవై రెండేళ్ళ బాకీ నిద్రంతా ముఖం మీద చల్లగా పరుచుకుని ఉంది.

"ఏమయ్యా! లేవయ్యా!" అని ఈ.ఈ. గారు భుజం పట్టి కుదిపారు. తడిసిన చేతిలో సుత్తి, చంకలో గొడుగు. "రేపు జానెడు ఎక్కువట! మూడోది ఆగుతుందంటావా? ఐదోది? గొలుసు తెగితే? గేరు జారితే? ఫైళ్ళు ఎక్కడికి మోయాలి? నీకు కొంచెమైనా గుబులు లేదటయ్యా?"

గున్నేశ్వర్రావు ఒక కన్ను తెరిచాడు. ఈ.ఈ. గారి ముఖం, సుత్తి, గొడుగు, వాటి వెనక దించి ఉన్న ఆరు తలుపులూ వరసగా చూశాడు.

"చేతిలో ఉన్నదంతా చేసేశానండి," అన్నాడు. "ఇక ఆఫీసు మొత్తానికి ఒక్కడు గుబులుపడితే చాలండి. ఇవాళ డ్యూటీ తమరిదండి."

అని, అటు తిరిగి పడుకున్నాడు.